సండే స్కూల్లో ప్రాస చెప్పడానికి ఏది మేలు: దావీదు కీర్తనా, వేమన ఆటవెలదా?

కడప, అనంతపురం, కర్నూలు చర్చిల్లో పిల్లలకు ప్రాస చెప్పాలనుకునే టీచరు మొదట తెరిచేది కీర్తనల గ్రంథమే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

హెబ్రీ కవిత్వానికి ప్రాణం భావాల జంట. ఒకే సంగతిని రెండు పాదాల్లో రెండు తీర్లుగా చెబుతారు. ఆ జంట తెలుగులోకి దిగింది, శబ్దం దిగలేదు. 119వ కీర్తనలో 22 హెబ్రీ అక్షరాలకు, ఆ అక్షరంతోనే మొదలయ్యేవి ఎనిమిదేసి చొప్పున 176 వచనాలు. మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు శీర్షికలుగా మాత్రమే మిగిలాయి. 150వ కీర్తనలో 'స్తుతించుడి' మళ్లీ మళ్లీ వస్తే పిల్లలు అంత్యప్రాస అనేస్తారు. అది అదే మాట తిరిగి రావడం. పైగా తెలుగులో క్రియ చివర్న ఉంటుంది కాబట్టి నడిచెను, పలికెను అని వద్దన్నా కలుస్తాయి, చెవికి పని ఉండదు.

చెవికి పని పెట్టేది మన సీమ వేమనే. 'ఉప్పు కప్పురంబు' అన్న ఆటవెలది బడిలో చదివిందే. రెండో పాదాన్ని బోర్డు మీద ఐదు ముక్కలు చేయండి: చూడ / చూడ / రుచుల / జాడ / వేరు. ముక్కకో చప్పట. ఒకటి, నాలుగు గట్టిగా చదివించండి: చూడ, జాడ. రెండు ముక్కల్లోనూ రెండో అక్షరం కలిసింది, దీన్ని ప్రాసయతి అంటారు. మూడో పాదంలో పురుషు, పురుషులు: మొదటి అక్షరాలే కలిశాయి, పు, పు, ఇది యతి. 'పుణ్య' కూడా పు కదా అంటారు; అది మూడో ముక్క, లెక్క నాలుగోదానికి. మొదటి పాదం చివరికి ఉంచండి. అక్కడ ఉ-కి జోడీ 'నొక్క'లో దాగిన ఒ; సంధి రాని పిల్లలకు అది కనబడదు.

వేమన ఎందుకని పెద్దలు అడిగితే, జాషువా 'క్రీస్తు చరిత్ర' పద్యకావ్యమేనని, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని చెప్పండి. చిన్నపిల్లలకు ఆ భాష బరువు, తొమ్మిదో తరగతి దాటాక చూడొచ్చు.

కీర్తనలు రెండో వారం. 'యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు'లో క ఎన్నిసార్లో లెక్కపెట్టమనండి, మూడు. కంఠత వాక్యంలో మాత్రం ప్రాస కోసం ఒక్క మాటా మార్చనివ్వకండి. ఆ సరదా సొంత ప్రార్థన పాదాల్లో తీర్చుకోవాలి, అదీ రెండు పాదాలు చాలు. 'కాపరి'కి 'దాపున' కుదురుతుంది, రెండింట్లోనూ రెండో అక్షరం ప. 'తప్పని' కుదరదు: ప-కి ఒత్తు పడింది.