బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి అంత రేటు పెట్టొచ్చా? ఎండాకాలం వాడాక నా రివ్యూ

హాల్లో పాత ఫ్యాన్ బేరింగ్ పోయి గరగరమంటుంటే మార్చేద్దామని హైదరాబాద్‌లో కోఠి ట్రూప్ బజార్ వెళ్ళాం. మామూలు ఫ్యాన్ పదిహేను వందలకి వచ్చేస్తుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటార్ ఉన్నది, కరెంటు తక్కువ తీసుకుంటుంది) అయితే మూడు వేల దాకా చెప్పారు. షాపాయన "కరెంటు సగానికి సగం మిగుల్తది అన్నా, ఏడాదిల నీ పైసలు నీకొస్తయ్" అన్నాడు. తీసుకున్నాం. ఎండాకాలం మొత్తం వాడాం కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఆ ఏడాది లెక్క సంగతి చూద్దాం. షాపుల్లో ఎప్పుడూ పాత 75 వాట్ల ఫ్యాన్‌తో పోల్చి చెప్తారు. కానీ 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక ఇప్పుడొచ్చే 1 స్టార్ మామూలు ఫ్యాన్ కూడా 50 వాట్లకి అటూఇటూగానే తీసుకుంటోంది, 5 స్టార్ బీఎల్‌డీసీ ఏమో 30 దగ్గర ఉంటుంది. అంటే కొత్తది కొనేటప్పుడు ఇదా అదా అని చూస్తే తేడా 20 వాట్లే. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 9 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా అరవై పైచిలుకు మిగులుద్ది, మనం ఎక్కువ పెట్టిన పదిహేను వందలు రావాలంటే రెండేళ్ళు పడుద్ది. అదే ఇంట్లో తిరుగుతున్న 75 వాట్లది తీసేసి పెడితే నెలకి 20 యూనిట్లు తగ్గుతాయి, అప్పుడు మూడు వేలు మొత్తం కూడా దాదాపు ఆ రెండేళ్ళలోనే వచ్చేస్తాయి.

ఇంకో విషయం, తెలంగాణలో గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు, ఏప్రిల్ మే నెలల్లో 205, 210 దగ్గర ఆగిపోయే ఇళ్ళు బోలెడు. వాళ్ళకి ఆ 20 యూనిట్లంటే నూట నలభై రూపాయలు కాదు, ఆ నెల బిల్లు మొత్తం. అలాంటి ఇల్లయితే ఆలోచించకుండా తీసుకోమంటా.

కానీ ఇల్లంతా ఇవే పెట్టించకండి దయచేసి. చుట్టాలొస్తే తప్ప తెరవని గదిలో, రోజుకి గంట కూడా తిరగని చోట నెలకి ఒక్క యూనిట్ కూడా మిగలదు, ఆ పదిహేను వందలు ఎప్పటికీ తిరిగిరావు. హాలు, పడుకునే గది, అంతే.

ఇక వాడకం. గాలి మామూలు ఫ్యాన్‌లాగే ఉంది, ఎక్కువేం లేదు తక్కువేం లేదు. నాకు బాగా నచ్చింది వోల్టేజ్ పడిపోయినప్పుడు. మా ఊళ్ళో అమ్మ దగ్గర సాయంత్రం ఏడింటికి వోల్టేజ్ తగ్గితే మామూలు ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నెమ్మదిగా తిరుగుద్ది, అదే టైంలో పక్క గదిలో బీఎల్‌డీసీ స్పీడ్ ఏమీ తగ్గకుండా తిరుగుతూనే ఉంది. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు వస్తుంది. రాత్రిపూట రెండో నంబర్‌లో పెట్టుకుంటే మామూలు ఫ్యాన్‌కి వచ్చే ఆ మూలుగు శబ్దం కూడా ఉండదు.

చిరాకు పెట్టేది రిమోట్. నొక్కినప్పుడల్లా బీప్ మంటుంది, పసిపిల్లలున్న ఇంట్లో అది పెద్ద ఇబ్బందే. ఒకే హాల్లో ఒకే కంపెనీవి రెండు పెడితే ఒక రిమోట్‌కి రెండూ పలుకుతాయి. పాత రెగ్యులేటర్ తీసేయించాలి, లేదా ఫుల్‌లో పెట్టి వదిలేయాలి, ఇది ఎలక్ట్రీషియన్‌కి ముందే గుర్తుచేయండి.

అసలు ఆలోచించాల్సింది రిపేర్ గురించి. మామూలు ఫ్యాన్ స్లో అయితే వీధిలో మెకానిక్ కెపాసిటర్ మార్చేసి వందా నూట యాభై తీసుకుంటాడు, కాయిల్ కాలిపోయినా వైండింగ్ చేసిచ్చేస్తాడు. దీంట్లో మోటార్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోతే అతను చేతులెత్తేస్తాడు. మా అక్కావాళ్ళింట్లో వేరే కంపెనీది సరిగ్గా మే నెలలో బోర్డు పోయింది, సర్వీస్ మనిషి రోజూ రేపొస్తా అనడమే, వచ్చేసరికి వారం దాటింది, పిల్లలతో ఆ ఉక్కలో వాళ్ళు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. వారంటీ కూడా కొన్నిటికి మోటార్‌కి ఒకలా, బోర్డుకి ఒకలా ఉంటుంది, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న సంవత్సరాలు దేనికో అడిగి బిల్లు మీద రాయించుకోండి. వారంటీ అయ్యాక బోర్డు ఎంతో, మీ ఊళ్ళో సర్వీస్ ఉందో లేదో అది కూడా కొనకముందే కనుక్కోండి. రెండు కంపెనీల మధ్య మూడు నాలుగొందల తేడా ఉంటే నేనైతే సర్వీస్ దగ్గర్లో ఉన్నదానికే పెడతా, రెక్కల డిజైన్‌కి, లైట్లకి మాత్రం పైసా ఎక్కువ పెట్టను.

మా ఊళ్ళో సర్వీస్ లేదు, టౌన్ నుంచి రావాలి. అందుకే అమ్మ పడుకునే గదిలో బీఎల్‌డీసీ పెట్టించి వరండాలో మామూలుదే ఉంచా, ఇది ఆగిపోయినా మంచం అక్కడ వేసుకోవచ్చు.