91 మార్కుల ట్రేడర్‌ని కాపీ కొట్టి మునిగాను, ఆ టూల్ కొనేముందు ఇది చదవండి

కర్నూలు నుంచి రాస్తున్నా. ప్రిడిక్షన్ మార్కెట్లలో ఏ ట్రేడర్ మంచోడో మార్కులేసి చెప్పి, వాడి ట్రేడ్లను మన వాలెట్‌లో (క్రిప్టో డబ్బు ఉంచుకునే ఖాతా) దానంతటదే కాపీ చేసే ఒక టూల్‌ని మూడు నెలలకు 99 డాలర్లు కట్టి కొన్నాను. మన లెక్కలో ఎనిమిదిన్నర వేలు. అది చాలదన్నట్టు బెట్లకు ఇంకో 400 డాలర్లు వేశా. ఇప్పుడు మిగిలింది 143. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఆ టూల్‌ని ఇంకా తెగ పొగుడుతున్నారు, అందుకే ఇది రాయాల్సి వస్తోంది.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఫలానాది జరుగుతుందా అన్న ప్రశ్న మీద అవును, కాదు అని షేర్లుంటాయి. ధర సున్నాకూ డాలరుకూ మధ్య. మన మాట నిజమైతే షేరుకు డాలరు వస్తుంది, లేదంటే ఏమీ రాదు. పాలీమార్కెట్ లాంటి ప్రిడిక్షన్ మార్కెట్లో లావాదేవీలు బ్లాక్‌చెయిన్ (అందరికీ కనిపించే ఉమ్మడి చిట్టా) మీద నమోదవుతాయి కాబట్టి ఏ వాలెట్ ఏం కొన్నదో ఎవరైనా చూడొచ్చు. ఆ చిట్టా తిరగేసి మార్కులు వేయడమే టూల్ పని.

నేను పట్టుకున్న ట్రేడర్‌కు నూటికి 91 మార్కులు, గెలుపు శాతం 95. టెన్త్‌లో నాకే అన్ని రాలేదు. దాదాపు తేలిపోయిన టెన్నిస్ మ్యాచ్‌లో గెలిచేలా ఉన్న ఆటగాడిని 94 సెంట్లకు కొనడం వాడి పద్ధతి. ఒక రోజు రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి చూశా. వాడు కొన్నది 94కి, నాకు పడింది 97కి. అమ్మేవాళ్లు తక్కువ, నాలాంటి కాపీగాళ్లు ఎక్కువ. వాడు కొనగానే అందరం ఎగబడి ధర మేమే పెంచేశాం. మూడు సెంట్లే కదా అని పడుకున్నా.

ఆ మూడు సెంట్లే ముంచాయి. బెట్టుకు ఒక్క షేరు చొప్పున నూరు బెట్లు అనుకోండి. వాడికి ఖర్చు 94 డాలర్లు, 95 గెలిస్తే 95 వస్తాయి, డాలరు లాభం. నాకు ఖర్చు 97, వచ్చేది అదే 95. అవే బెట్లు, అవే గెలుపులు, వాడికి లాభం, నాకు రెండు డాలర్ల నష్టం. 97కి కొన్నది ఒక్కటి ఓడితే ఆ గుంత పూడ్చడానికి 33 గెలవాలి.

పోనీ ఆ 95 శాతమైనా నిజమా? టూల్‌ని పక్కనపెట్టి ఒక ఆదివారం వాడి ఖాతానే తెరిచి కిందికి జరుపుతూ పోయా. ధర సున్నా, ధర సున్నా, ధర సున్నా... మొత్తం 41 ఉన్నాయి. గెలిచిన షేర్లకు డబ్బు తీసుకోవాలి కాబట్టి వాటి లెక్క మూసేస్తారు. ఓడినవాటికి వచ్చేదేమీ లేదు, ఎవరూ ముట్టుకోరు, అలాగే పడి ఉంటాయి. టూల్ మూసిన లెక్కలనే చూసింది, 200లో 190 గెలుపులని. ఓడిన ఈ 41 కూడా కలిపితే గెలుపు 78 శాతం చిల్లరే. అంటే 94కి కొనే ఆ మహానుభావుడు కూడా మునిగే ఉన్నాడు!

మార్కులు వేసేది మనిషికి కాదు, ఖాతాకి. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్ గెలుస్తాడని భారీగా డబ్బు పెట్టిన నాలుగు ఖాతాలు ఒకే ఫ్రెంచ్ వ్యక్తివని పాలీమార్కెట్టే చెప్పింది. ఎవడైనా ఒక ఖాతాలో ‘అవును’ షేర్లు, ఇంకో ఖాతాలో ‘కాదు’ షేర్లు కొన్నాడనుకోండి, ఏదో ఒకదానికి మంచి మార్కులు పడక తప్పదు. మన జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాలకు దిగుతారు కదా. పేపర్లో వజ్రం దొరికినోడి గురించే వస్తుంది. చెట్టు కింద వండుకు తింటూ రోజుల తరబడి వెతికి ఉత్త చేతులతో బస్సెక్కినోళ్ల గురించి ఎవరు రాస్తారు? టాప్ ట్రేడర్ల పట్టిక కూడా అంతే.

డబ్బు వాపసు అడిగితే రేటింగ్ అంటే సలహా కాదు అని ఒక్క లైను జవాబు. ఎక్కడికెళ్లి చెప్పుకోను? ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. నేనసలు అటు పోకూడదు, ఒప్పుకుంటున్నా. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను కడుతూ, నష్టాన్ని మాత్రం దేంట్లోనూ తగ్గించుకోలేమన్నది ఇంకో దెబ్బ.

ఇప్పటికే కొన్నవాళ్లు ఒక పని చేయండి. మొదట్లో ఆ టూల్ వాలెట్ ప్రైవేట్ కీ (అందులోని డబ్బును కదిలించే రహస్య తాళం) అడుగుతుంది. ఇచ్చి ఉంటే టూల్ ఆపేసినా లాభం లేదు, ఆ కీ వాళ్ల దగ్గరే ఉంటుంది. కొత్త వాలెట్ తెరిచి ఉన్న డబ్బంతా ఈ రోజే అందులోకి మార్చేయండి. పాతదాన్ని మళ్లీ వాడొద్దు. నా 143 అలాగే మార్చి బయటికి తీసేశా.