షియాన్‌లో ఏ ప్లానూ లేని రోజు

2024 దసరా సెలవుల్లో మేం ఆరుగురం చైనా వెళ్ళొచ్చాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మావయ్యగారు. అందరూ బీజింగ్ దగ్గరి చైనా గోడ గురించీ షియాన్ నగరంలో ఉన్న టెర్రకోటా సైన్యం మట్టి బొమ్మల గురించీ అడుగుతున్నారు, అవి బాగున్నాయి, చూడాల్సినవే, కానీ నేను రాయాలనుకుంటున్నది షియాన్‌లో మూడో రోజు గురించి. ఆ రోజు మాకు ఏ టికెట్టూ బుక్ చేసి లేదు. ముందు రోజు టెర్రకోటా సైన్యం దగ్గర జనంలో నిలబడి నిలబడి అత్తయ్య కాళ్ళు వాచిపోయాయి, అందుకని రేపు ఎక్కడికీ వద్దు, తోచినట్టు తిరుగుదాం అనుకున్నాం. ఇప్పుడు ఇంట్లో ఎవరు చైనా మాట ఎత్తినా అందరూ చెప్పుకునేది ఆ రోజు గురించే.

ముందు హోటల్ సంగతి చెప్తాను. నగరం మధ్యలో పాత కోట గోడ ఉంటుంది కదా, దాని దక్షిణ ద్వారానికి, అదే యోంగ్‌నింగ్‌మెన్, పది నిమిషాల నడక దూరంలో తీసుకున్నాం. చోటు మాత్రం చాలా మంచి చోటు, మెట్రో పక్కనే. కానీ బుక్ చేసేటప్పుడు ఒక చిన్న మాట మేం చూసుకోలేదు, చైనాలో చాలా హోటళ్ళు కిటికీ లేని గదులు కూడా అమ్ముతాయి, ఫోటోలో కర్టెన్ ఉంటుంది గానీ దాని వెనక గోడే. అత్తయ్య వాళ్ళకి ఇచ్చిన గది అలాంటిదే, పైగా లోపల సిగరెట్ వాసన. రాత్రికి 60 యువాన్లు ఎక్కువ కట్టి మార్పించుకున్నాం (అప్పట్లో ఒక యువాన్ అంటే మనకి దాదాపు 12 రూపాయలు). తప్పు మాది కూడా ఉంది అంటారేమో గానీ పెద్దవాళ్ళు ఉన్నారని ముందే చెప్పినా అలాంటి గది ఇవ్వడం నాకు నచ్చలేదు. మీరు బుక్ చేస్తే "కిటికీ ఉంది" అన్న మాట వెతికి మరీ చూసుకోండి. మిగతావన్నీ బాగున్నాయి, కింద వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ ఫ్రీ, పది రోజుల ట్రిప్పులో అది ఎంత పెద్ద సాయమో పిల్లలున్న వాళ్ళకి తెలుసు, నీళ్ళ సీసాలు అడిగితే ఒక చిన్న రోబో లిఫ్టులో వచ్చి తలుపు దగ్గర ఇచ్చేది, మా చిన్నోడు దానికోసమే రోజుకి నాలుగుసార్లు నీళ్ళు అడిగేవాడు.

హోటల్ టిఫిన్‌లో అత్తయ్య తినేవి ఏమీ లేవు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అందుకని ఆ పొద్దున్న వెనక సందులోకి వెళ్ళాం. నాలుగు బల్లలున్న కొట్టు, బయట పెద్ద పెద్ద గిన్నెల్లోంచి ఆవిరి. నేను ఫోన్‌లో "మాంసం, చేప, గుడ్డు వద్దు" అని చైనీస్‌లో రాసిపెట్టుకున్న స్క్రీన్ చూపించాను, కొట్టావిడ చదివి తలూపి ఒక గిన్నెలో పసుప్పచ్చటి జావ పోసి ఇచ్చింది. అత్తయ్య ఒక స్పూను నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. బాగోలేదేమో అని నేను కంగారుపడ్డాను. "ఇది కొర్రల జావే", అన్నారు. వెంటనే ఫోన్‌లో చూస్తే నిజంగానే కొర్రలు, వాళ్ళు షియావ్‌మీ అంటారు, ఉత్తర చైనాలో పొద్దున్నే ఈ జావ తాగడం మామూలు. అత్తయ్య చిన్నప్పుడు పల్నాడులో వాళ్ళమ్మ కాచి పోసేదట, పెళ్ళయ్యాక మళ్ళీ ఎవరూ కాయలేదు, ఇప్పుడేమో హైదరాబాద్‌లో మిల్లెట్లు అని ప్యాకెట్ల మీద రాసి అమ్ముతున్నారు. ఆ కొట్టావిడకి చేత్తో సైగ చేసి ఇంకో గిన్నె పోయించుకున్నారు, పక్కన పొడుగ్గా నూనెలో వేయించిన యూతియావ్, ఆవిరి మీద ఉడికించిన తెల్లటి మాంతౌ రొట్టె, వేడి సోయా పాలు. ఆరుగురికీ కలిపి 40 యువాన్లు కూడా కాలేదు. మా దగ్గర కందిపొడి ఉంది, మాంతౌలో పెట్టుకుని తింటే ఇంట్లో ఉన్నట్టే ఉంది.

ఇంకో మంచి సంగతి, చైనాలో ఎక్కడికెళ్ళినా వేడినీళ్ళు దొరుకుతాయి. స్టేషన్లో, రైల్లో, పార్కులో, హోటల్ హాల్లో. మావయ్యగారికి చల్లటి నీళ్ళు పడవు, మన దగ్గర ప్రయాణంలో ఫ్లాస్కు మోసుకుంటూ తిరగాలి, అక్కడ సీసా ఒకటి ఉంటే చాలు. టాయిలెట్లే కాస్త ఇబ్బంది, శుభ్రంగానే ఉన్నాయి, చాలాచోట్ల ఉన్నాయి, ఫ్రీ కూడా, కానీ ఎక్కువ భారతీయ పద్ధతివే, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కష్టం, లోపల నీళ్ళ పైపు ఉండదు, కాగితం కూడా మనమే తీసుకెళ్ళాలి. వికలాంగులకని రాసి ఉన్న గదిలో కమోడ్ ఉంటుంది, మేం అదే వెతుక్కునేవాళ్ళం.

జావ తాగాక కోట గోడ బయట, కందకం పక్కన ఉన్న పార్కులోకి వెళ్ళాం. పొద్దున్నే అక్కడ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఉంటారు, ఒకచోట తాయ్‌చీ వ్యాయామం, ఒకచోట స్పీకర్ పెట్టుకుని డాన్సు, ఒకాయన పంజరంలో పిట్టని కొమ్మకి తగిలించి కూర్చున్నాడు. పిల్లలతో నేనూ మా ఆయనా గోడ ఎక్కాం (టికెట్ 54 యువాన్లు, సైకిల్ అద్దె 45, మూడు గంటలు), 1370ల్లో మింగ్ రాజులు కట్టించిన గోడ, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన వెడల్పు 12 మీటర్ల పైనే, కానీ ఇటుకల మీద సైకిల్ గడగడలాడిపోతుంది, తూర్పు ద్వారం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాం. పిల్లలకి చాలా నచ్చింది. పెద్దవాళ్ళకైతే బ్యాటరీ బండి ఉంది.

మేం దిగి వచ్చేసరికి మావయ్యగారి చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నాకు గుండె దడదడలాడింది, తీరా చూస్తే ఆయన రాస్తున్నారు. అక్కడ ముసలాయనలు పొడవాటి కర్రకి స్పాంజి కుచ్చు కట్టి, బకెట్లో నీళ్ళలో ముంచి, రాతి పలకల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తుంటారు, ఉత్త నీళ్ళే, రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతాయి. మావయ్యగారు అరగంట నించుని చూస్తుంటే ఆ రాసేఆయన కర్ర చేతికిచ్చాడట. మావయ్యగారు ముప్ఫై ఏళ్ళు సోషల్ మాస్టారుగా చేశారు, బోర్డు మీద ఆయన చేతిరాత గురించి ఇప్పటికీ శిష్యులు చెప్తారు. వంగి, "అమరావతి" అని రాశారు, ఒక్కో అక్షరం అడుగున్నర ఎత్తు. "మ" కొమ్ము తిప్పేటప్పుడు ఆ చైనా ఆయన పక్కనే గొంతుక్కూర్చుని, చూపుడు వేలితో గాల్లో అదే వంపు తిప్పి చూసుకున్నాడు. మా ఆయన ఫోన్ తీసేసరికి "అ" అప్పటికే సగం ఆరిపోయింది. ఫోటోలో "మరావతి" అనే ఉంటుంది, అయినా అదే ఇప్పుడు మా హాల్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం.

మధ్యాహ్నం బెల్ టవర్ దగ్గరికి బయల్దేరాం. ఆరుగురు ఒక ట్యాక్సీలో పట్టరు, ప్రతిసారీ డీడీలో (మన ఊబర్ లాంటిది) రెండు కార్లు పిలవాలి, డబ్బులు కట్టే అలీపే యాప్‌లోంచే పిలవచ్చు, మన ఇంటర్నేషనల్ కార్డు ముందే ఇక్కడ ఇంట్లో కూర్చుని కలుపుకుని వెళ్ళండి, 200 యువాన్లు దాటిన బిల్లుకి 3 శాతం ఛార్జీ వేస్తారు గానీ టీ కొట్టు దగ్గర్నుంచీ అన్నిటికీ అదే నడుస్తుంది. బెల్ టవర్ 1384లో కట్టారు, నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఉంటుంది, రోడ్డు దాటడానికి వీల్లేదు, కింద గుండ్రంగా సబ్‌వే ఉంటుంది, చుట్టూ బోలెడన్ని మెట్లు, అన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ మావయ్యగారు తప్పిపోయారు. ఆయన ఫోన్లో నెట్ లేదు. ఇరవై నిమిషాలు. అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని నించున్నారు, ఆ చెయ్యి చల్లగా అయిపోయింది, నేను అది ఎప్పటికీ మర్చిపోను.

ఆయన జేబులో హోటల్ కార్డు ఉంది, చైనీస్‌లో అడ్రసు ఉన్నది. ఒక కాలేజీ అమ్మాయి ఆయన తికమకపడటం చూసి, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి మాట్లాడి, కార్డు తీసుకుని హోటల్‌కి ఫోన్ చేసింది. రిసెప్షన్‌లో అమ్మాయి మా ఆయన వీచాట్‌లో (వాళ్ళ వాట్సాప్ లాంటిది) ఉంది, దగ్గర్లోని డ్రమ్ టవర్ వైపు మెట్ల దగ్గర మీ నాన్నగారు ఉన్నారని ఫోటోతో సహా పంపింది. మేం పరిగెత్తుకెళ్ళేసరికి ఆ పిల్ల ఆయనకి దానిమ్మ రసం కొనిచ్చి పక్కన నించుని ఉంది. డబ్బులిస్తే తీసుకోలేదు, అత్తయ్య తన సంచిలోంచి పూతరేకులు తీసి చేతిలో పెట్టారు. గది గురించి ఎంత చిరాకుపడ్డానో ఆ హోటల్ వాళ్ళకి అంత దండం పెట్టుకున్నాను ఆ రోజు. హోటల్ కార్డు ప్రతి ఒక్కరి జేబులో, పిల్లల జేబులో కూడా, పెట్టండి, పెద్దవాళ్ళ ఫోన్లో కూడా నెట్ కోసం ఇసిమ్ వేయించండి, ఆ వెయ్యి రూపాయల దగ్గర చూసుకోకండి.

భోజనం ముస్లిం వీధిలో. మెయిన్ వీధంతా మేకమాంసం పొగ, రేట్లూ ఎక్కువే, పక్క సందుల్లోకి వెళితే నయం. శాకాహారులకి లియాంగ్‌పీ ఉంటుంది, వెడల్పాటి చల్లటి నూడుల్స్, వెనిగర్, మిరపకాయ నూనె, మొలకలు, మన నోటికి బాగా తగులుతుంది. తర్వాత జెంగ్‌గావ్, జిగురు బియ్యం, ఖర్జూరం లాంటి ఎర్ర పళ్ళు ఆవిరి మీద ఉడికించింది. పెరుగన్నం మాత్రం ఆశ పెట్టుకోకండి, పెరుగంతా తియ్యగా ఉంటుంది.

గదికెళ్ళి పడుకుని లేచి నాలుగింటికి పెద్ద బాతు పగోడాకి వెళ్ళాం, దాయాన్‌తా. ఇది మావయ్యగారి కోరిక, అసలు షియాన్ లిస్టులోకి వచ్చిందే ఆయన వల్ల. హ్యూయన్‌త్సాంగ్ పాఠం ఎన్నో బ్యాచీలకి చెప్పారు. ఆ బౌద్ధ భిక్షువు పదిహేడేళ్ళు తిరిగి 645లో 657 గ్రంథాలు మోయించుకుని ఈ ఊరికే వచ్చాడు, అప్పుడు దీని పేరు చాంగాన్, వాటిని దాచడానికే 652లో ఈ పగోడా కట్టారు, ఇక్కడే కూర్చుని అనువదించాడు. అంతకుముందు మన ధాన్యకటకంలో, అదే అమరావతిలో, కొన్ని నెలలుండి చదువుకున్నాడు. మావయ్యగారి ఊరు అక్కడికి పది కిలోమీటర్లు. మేం వెళ్ళినప్పుడు ఆవరణకి ఒక టికెట్టు, పైకెక్కడానికి ఇంకో టికెట్టు. ఏడంతస్తులు, మెట్లు నిటారు, ఆయన రెండో అంతస్తులోనే ఆగిపోయారు, పిల్లలు పైదాకా వెళ్ళొచ్చారు.

బయట దక్షిణం వైపు హ్యూయన్‌త్సాంగ్ విగ్రహం ఉంది. మావయ్యగారు దాని ముందు చేతులు కట్టుకుని, క్లాసులో పెద్దసారు వస్తే నించున్నట్టు నించున్నారు. మా పెద్దది "ఈయన మన ఊరికి నడిచే వచ్చాడా తాతయ్యా?" అనడిగింది. "నడిచే, గుర్రం మీదా, పడవ మీదా, ఎట్లా దొరికితే అట్లా వచ్చాడమ్మా", అని అక్కడే అరుగు మీద కూర్చుని నలంద, కంచి, గోబీ ఎడారి అన్నీ చెప్పారు, దానికి పదకొండేళ్ళు, ఫోన్ ముట్టకుండా గంటసేపు విన్నది.

చీకటిపడ్డాక ఉత్తరం వైపు మ్యూజిక్ ఫౌంటెన్ చూశాం, టికెట్ లేదు, జనం మాత్రం విపరీతం, చలి కూడా మొదలైంది. మెట్రోలో షియావ్‌జాయ్‌లో మారి యోంగ్‌నింగ్‌మెన్ చేరేసరికి తొమ్మిదిన్నర. ఆ జావ కొట్టు పొద్దున్న తొమ్మిదింటికల్లా కట్టేస్తారట, రేపు ఏడున్నరకే లేపమని మా ఆయనకి చెప్పి మరీ అత్తయ్య పడుకున్నారు.