టీసీపీవ్యూ: పోర్టు ఎవరి చేతిలో ఉందో చెబుతుంది, అన్నీ చెప్పదు

విండోస్‌లో ఏ పోర్టును (నెట్‌వర్క్ మీద ప్రోగ్రాంలు మాట్లాడుకునే నంబరు గల ద్వారం) ఏ ప్రోగ్రాం పట్టుకుందో తేల్చడానికి నెట్‌స్టాట్ అనే కమాండ్ ఎప్పటినుంచో ఉంది. దానికి -ఏఎన్‌ఓ తగిలిస్తే లిజనింగ్ (కనెక్షన్ కోసం ఎదురుచూసే) పోర్టులు, ఐపీ అడ్రస్‌లు, పీఐడీలు (ప్రాసెస్ నంబర్లు) వరుసగా వచ్చేస్తాయి. ఆ పీఐడీ ఎవరిదో టాస్క్ మేనేజర్‌లో వెతుక్కోవడం మాత్రం మన పని. -బి పెడితే పేరు చూపిస్తుంది గానీ అడ్మిన్ హక్కులు అడుగుతుంది, పైగా నత్తనడక. విండోస్ లోపలి సంగతులు చూపే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటైన టీసీపీవ్యూ ఈ తిప్పలన్నీ తీసేస్తుంది. ఉచితం, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, జిప్ విప్పి నడిపితే చాలు. 2006 నుంచి సిస్‌ఇంటర్నల్స్ మైక్రోసాఫ్ట్‌దే కాబట్టి ఆఫీసు మెషీన్లలో వాడటానికి అనుమతి అడగడమూ కాస్త తేలిక.

తెరిచేటప్పుడే రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. తర్వాత ఆప్షన్స్‌లో రిజాల్వ్ అడ్రసెస్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే అవతలి ప్రతి ఐపీకి పేరు కోసం డీఎన్‌ఎస్‌ను (ఐపీలకు పేర్లు చెప్పే సర్వీసును) అడుగుతుంది. నెట్‌స్టాట్‌ను -ఎన్ లేకుండా కొడితే ఒక్కో లైనుకు ఆగి ఆగి రావడానికీ కారణం ఇదే. డీఎన్‌ఎస్సే పాడైన రోజున అయితే నెట్‌స్టాట్ హ్యాంగ్ అయినట్టే కనిపిస్తుంది, సరిగ్గా దాని అవసరం పడిన రోజున!

పట్టిక సెకనుకోసారి మారుతుంది. కొత్త లైను పచ్చగా, స్టేట్ (కనెక్షన్ ఉన్న దశ) మారినది పసుపుగా, పోయేది ఎర్రగా వస్తుంది. 2021లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో సెర్చ్ పెట్టె చేరింది. అందులో పోర్టు నంబరు కొడితే చాలు. మాడ్యూల్ నేమ్ కాలమ్ కూడా పనికొచ్చేదే: ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సర్వీసులను నడిపే ప్రాసెస్) అని మాత్రమే కనిపించే చోట లోపల నడిచే సర్వీసు పేరు చెబుతుంది. నెట్‌స్టాట్‌తో అయితే దీనికి విడిగా టాస్క్‌లిస్ట్ /ఎస్‌వీసీ కొట్టాల్సి వచ్చేది.

ఇక్కడిదాకా మెచ్చుకోలు. చిక్కంతా చదవడంలో ఉంది.

టైమ్ వెయిట్ అనే స్టేట్‌లో ఉన్న లైన్లకు పీఐడీ సున్నా అని వస్తుంది. ఇది వైరస్ కాదు. ప్రోగ్రాం సాకెట్‌ను (కనెక్షన్‌కు తన వైపు కొసను) మూసేసి వెళ్లిపోయింది, ఆలస్యంగా వచ్చే ప్యాకెట్ల కోసం ఆ లైనును కెర్నల్ (విండోస్ గుండెకాయ) కాసేపు ఉంచుకుంటుంది. వందల్లో ఉన్నా కంగారు అక్కర్లేదు. వేలల్లోకి వెళ్తే మాత్రం ఏదో ప్రోగ్రాం ప్రతి రిక్వెస్టుకూ కొత్త కనెక్షన్ తెరుస్తోందని అర్థం. బయటికి వెళ్లే కనెక్షన్లకు విండోస్ మామూలుగా ఇచ్చేది 49152 నుంచి 65535 దాకా, అంటే 16,384 పోర్టులే, అవి అయిపోతే కొత్త కనెక్షన్లకు ఇబ్బందే.

క్లోజ్ వెయిట్ సంగతి వేరు. అవతలివాడు కనెక్షన్ ముగించాడు, మన ప్రోగ్రాం ఇంకా క్లోజ్ చేయలేదు. దీనికి గడువంటూ లేదు, ఆ ప్రాసెస్ బతికి ఉన్నంతకాలం ఉండిపోవచ్చు. ఒకే ప్రాసెస్ కింద ఈ లైన్లు పెరుగుతూ పోతుంటే తప్పు ఆ ప్రోగ్రాం కోడ్‌లో ఉంది. ఫైర్‌వాల్ రూల్స్ మార్చి లాభం లేదు.

పీఐడీ 4 అంటే సిస్టమ్. 445 దాని కింద ఉంటే అది ఫైల్ షేరింగ్. 80 కనిపిస్తే చాలావరకు వెబ్ రిక్వెస్టులు అందుకునే హెచ్‌టీటీపీ డాట్ సిస్ డ్రైవర్. దీన్ని కిల్ చేయడం కుదరదు. అడ్మిన్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ హెచ్‌టీటీపీ షో సర్వీస్‌స్టేట్ కొడితే వెనక ఏ ప్రాసెస్ ఏ యూఆర్‌ఎల్‌ను రిజిస్టర్ చేసుకుందో బయటపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది బతికిలేని ప్రాసెస్. పోర్టు లిజనింగ్‌లోనే ఉంటుంది, చూపిస్తున్న పీఐడీ మాత్రం టాస్క్ మేనేజర్‌లో ఉండదు. సాకెట్‌ను తెరిచిన ప్రాసెస్ చనిపోయింది, కానీ అది పుట్టించిన చైల్డ్ ప్రాసెస్‌కు ఆ హ్యాండిల్ (సాకెట్ మీద పట్టు) వారసత్వంగా వచ్చింది. విండోస్ మాత్రం తెరిచినవాడి నంబరే చెబుతూ ఉంటుంది. పవర్‌షెల్‌లో విన్32_ప్రాసెస్ జాబితా తీసి, పేరెంట్ ప్రాసెస్ ఐడీ ఆ నంబరుగా ఉన్నవాటిని వెతికి ఆపితే పోర్టు ఖాళీ అవుతుంది. రీబూట్ అక్కర్లేదు.

ఇక టీసీపీవ్యూకు అసలే ఆననివి. సెకనుకోసారి ఫొటో తీసే పద్ధతి కాబట్టి, అరసెకనులో తెరిచి మూసేసిన కనెక్షన్ దాని కంట పడకపోవచ్చు. అలాంటివాటికి సిస్‌ఇంటర్నల్స్‌దే అయిన ప్రాసెస్ మానిటర్ తెరిచి, ఫైలు, రిజిస్ట్రీ బటన్లు ఆపి నెట్‌వర్క్ ఒక్కటే ఉంచాలి. రోజుల తరబడి కాపలా కావాలంటే లాగ్ రాసే సిస్‌మాన్‌లో ఈవెంట్ ఐడీ 3 (నెట్‌వర్క్ కనెక్షన్) ఉంది, అయితే దాన్ని కాన్ఫిగ్‌లో మనమే ఆన్ చేయాలి.

యూడీపీ (కనెక్షన్ కట్టకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) ఇంకో గుడ్డి మూల. యూడీపీకి స్టేట్ లేదు, లోకల్ పోర్టు తప్ప అవతలి అడ్రస్ రాదు. బ్రౌజర్లు ఇప్పుడు చాలా సైట్లతో క్విక్ అనే ప్రోటోకాల్ ద్వారా యూడీపీ 443 మీద మాట్లాడతాయి. వీడియో జోరుగా నడుస్తుంటే ఆ సైటు ఐపీ ఎస్టాబ్లిష్డ్ (నడుస్తున్న) కనెక్షన్లలో లేకపోవడం ఇందుకే. అక్కడ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ గానీ, విండోస్‌తోనే వచ్చే పీకేటీమాన్ గానీ పట్టుకోవాల్సిందే.

పోర్టు తెరవబోతే ఎర్రర్ వచ్చినప్పుడు ముందు నంబరు చూడండి. 10048 అయితే పోర్టు వాడకంలో ఉంది, పట్టికలో దొరకాలి. దొరక్కపోతే నెట్‌స్టాట్‌కు -క్యూ పెట్టండి, పోర్టుకు బైండ్ అయ్యి (దాన్ని పట్టుకుని) లిజన్ చేయని సాకెట్లు అందులో వస్తాయి. 10013 (అనుమతి లేదు) వచ్చి, పట్టికలో ఆ పోర్టు దగ్గర ఎవరూ లేకపోతే, నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్ ప్రోటోకాల్=టీసీపీ కొట్టాలి. హైపర్-వీ (వర్చువల్ మెషీన్లు), డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లో లైనక్స్), డాకర్ (కంటెయినర్లు) ఉన్న మెషీన్లలో వాటి నెట్‌వర్క్ అడ్రస్‌లు మార్చే విన్‌నాట్ సర్వీసు కొన్ని పోర్టు వరుసలను ముందే రిజర్వ్ చేసి పెట్టుకుంటుంది. నెట్ స్టాప్ విన్‌నాట్, మీ ప్రోగ్రాం స్టార్ట్, మళ్లీ నెట్ స్టార్ట్ విన్‌నాట్: వరుస తప్పకూడదు. ఈ రిజర్వేషన్లను టీసీపీవ్యూ ఎక్కడా చూపదు, ఇది నిజంగా లోటే.

డబ్ల్యూఎస్‌ఎల్2 లోపలి కనెక్షన్లూ రావు. అక్కడ నడిచేది వేరే కెర్నల్ కాబట్టి లోపలికెళ్లి ఎస్‌ఎస్ -టీఏఎన్‌పీ కొట్టుకోవాలి.

రైట్ క్లిక్‌లో ప్రాసెస్‌ను చంపే ఆప్షన్, కనెక్షన్‌ను మూసే ఆప్షన్ రెండూ ఉంటాయి, చెయ్యి జారితే సర్వీసు మొత్తం పోతుంది. ప్రొడక్షన్ సర్వర్ మీద ఈ విండో టూల్ కన్నా అదే జిప్‌లో వచ్చే కమాండ్ లైన్ టూల్ టీసీపీవీకాన్ మేలు. -ఏ పెడితే అన్ని ఎండ్‌పాయింట్లూ, -ఎన్ పెడితే పేర్ల వెతుకులాట లేకుండా, -సి పెడితే సీఎస్‌వీగా ఇస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో నిమిషానికోసారి పెట్టి ఫైల్లోకి మళ్లిస్తే, క్లోజ్ వెయిట్ ఏ గంటకు పెరగడం మొదలైందో ఎక్సెల్‌లో తేలిపోతుంది.