గ్లూటెన్ లేని రెడీమేడ్ పిండి: కుకీలకి సరే, బ్రెడ్‌కి జాగ్రత్త

మైదా బదులు అదే కొలతలో వాడుకోవచ్చని ఈ ప్యాకెట్ల మీద పెద్దక్షరాలతో రాస్తారు. కుకీల విషయంలో ఆ మాట నిజం. కేకుల్లో సగం నిజం. బ్రెడ్ దగ్గరికొచ్చేసరికి పూర్తిగా తేలిపోతుంది.

లోపల ఉండేది ఎక్కువగా బియ్యప్పిండి, బంగాళాదుంప స్టార్చ్, కర్రపెండలం స్టార్చ్, కాస్త జాంథన్ గమ్. గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు నీళ్లు తగలగానే సాగే వలలా (అదే గ్లూటెన్) అల్లుకుని గాలిని పట్టి ఉంచుతాయి. ఇక్కడ ఆ పనంతా గమ్ ఒక్కటే చెయ్యాలి. అందుకే కొనేముందు పదార్థాల జాబితాలో గమ్ ఉందో లేదో చూడండి. లేకపోతే 125 గ్రాముల పిండికి కుకీలకైతే పావు టీస్పూను, కేకుకైతే అర టీస్పూను కలపాలి. ఉన్నా మళ్లీ వేస్తే తినేటప్పుడు పంటికి బంకలా అంటుకుంటుంది.

కప్పు కొలత మానేసి త్రాసు వాడండి. కప్పు మైదా దాదాపు 125 గ్రాములు తూగుతుంది. ఈ పిండి అదే కప్పుకి 140 నుంచి 160 దాకా పోతుంది. కప్పుతో కొలిస్తే పిండి ఎక్కువై కేకు ఎండిపోతుంది, ఆ నింద కాస్తా పిండి మీద పడుతుంది. బ్యాటర్‌ని 20–30 నిమిషాలు పక్కన పెడితే బియ్యప్పిండి తడి పీల్చుకుంటుంది, ఇసుకలా తగలడం తగ్గుతుంది. కుకీ ముద్దని ఓవెన్లో పెట్టేముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకపోతే ట్రే అంతా పాకుతుంది. కేకులకి, కుకీలకి ఐదుకి నాలుగు మార్కులివ్వచ్చు.

బ్రెడ్‌కి రెండే. ఉన్నదున్నట్టు వాడితే పైకి పొంగి, ఓవెన్లోంచి తీశాక నడుము కుంగిపోతుంది. దీనికి మందు ఇసబ్‌గోల్ పొట్టు. 400 గ్రాముల పిండికి 20 గ్రాముల పొట్టు తీసుకుని, ముందుగా 400 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో వేసి గిలక్కొట్టి, జెల్‌లా చిక్కబడేదాకా ఐదు నిమిషాలు వదిలెయ్యండి. పొట్టుని పొడిపిండిలో కలిపి నీళ్లు పోస్తే గడ్డలు కడుతుంది. ఆ జెల్‌లో పిండి, 7 గ్రాముల ఈస్ట్, 7 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల చక్కెర, రెండు టేబుల్‌స్పూన్ల నూనె కలపాలి. ముద్ద గోధుమపిండి ముద్ద కంటే మెత్తగా, తడిగా ఉండాలి. గట్టిగా ఉందంటే నీళ్లు చాలలేదన్నమాట. నేరుగా టిన్నులోకి వేసి ఒక్కసారే పొంగనివ్వండి, అంచుకి రాగానే ఓవెన్లోకి పంపండి. ఇంకా పొంగనీ అని ఆగితే గోడలు బరువు మొయ్యలేక కూలతాయి. 200 డిగ్రీల సెల్సియస్‌లో సుమారు గంట. పై రంగు చూసి తీసెయ్యొద్దు, థర్మామీటరు గుచ్చితే మధ్యలో 97 డిగ్రీలు చూపించాలి. తీశాక రెండు గంటలు కత్తి దగ్గరికి పోనివ్వకండి. స్టార్చ్ చల్లారితేనే గట్టిపడుతుంది, వేడిమీద కోస్తే లోపల జిగురే. మర్నాటికే ఎండిపోతుంది కాబట్టి చల్లారగానే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే మేలు.

రొట్టెలకి మరుగుతున్న నీళ్లే పొయ్యాలి, చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. 200 గ్రాములకి కాస్త అటూ ఇటూగా 200 మి.లీ. పోసి, పది నిమిషాలు మూతపెట్టి, వెచ్చగా ఉండగానే పిసికి, రెండు బటర్ పేపర్ల మధ్య ఒత్తండి. సాస్ చిక్కబరచడానికి మాత్రం ఇది దండగ, మామూలు కార్న్ స్టార్చ్ సరిపోతుంది.

ఆరోగ్యం కోసమని ఇంటిల్లిపాదీ దీనికి మారే ముందు ఒక మాట. సీలియాక్ (గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అనుమానం ఉంటే టీటీజీ–ఐజీఏ రక్తపరీక్ష గ్లూటెన్ తింటున్న రోజుల్లోనే చేయించుకోవాలి. మానేసి కొన్నాళ్లయ్యాక చేయిస్తే జబ్బున్నా లేదనే రావచ్చు. సీలియాక్ గానీ, గోధుమ పడకపోవడం గానీ లేనివాళ్లు గోధుమ మాని ఈ పిండికి మారితే కలిగే లాభం పెద్దగా ఏమీ లేదు. ఇది ప్రధానంగా స్టార్చ్, ముడిగోధుమపిండితో పోలిస్తే పీచు బాగా తక్కువ. అన్నం, పప్పులు, కూరగాయలు, గుడ్లు, పండ్లలో సహజంగానే గ్లూటెన్ ఉండదు. రోజువారీ తిండి వాటితో నడిపించి, ప్యాకెట్‌ని కేకు రోజుకి దాచుకోండి.

లేబుల్ మీద ‘గోధుమ లేదు’ అంటే సరిపోదు, బార్లీ మాల్ట్ ఉండొచ్చు, అందులోనూ గ్లూటెన్ ఉంటుంది. ‘గ్లూటెన్ ఫ్రీ’ అనే ఉండాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం అలా రాయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. కొన్నిట్లో గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ వాడతారు. ఆ పరిమితిలో ఉంటే సీలియాక్ వాళ్లకి పర్వాలేదు, గోధుమ అలర్జీ ఉన్నవాళ్లకి పనికిరాదు.

సీలియాక్ ఉన్నవాళ్ల ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే టోస్టరు, చెక్క పలక, జల్లెడ విడిగా కొనాల్సిందే, వాటి సందుల్లో ఇరుక్కున్న పిండి కడిగినా పూర్తిగా పోదు. వెన్న, జామ్ డబ్బాలు కూడా వేరుగానే ఉండాలి. గోధుమ రొట్టెకి తగిలిన కత్తి మళ్లీ అదే డబ్బాలో ముంచితే చాలు, ఎంత మంచి పిండి కొన్నా వృథా.