పదిని దాచుకున్న నాపోలి, ఏడును అందించిన యునైటెడ్

గొప్ప ఆటగాడు తొడుక్కున్న జెర్సీ నంబరును ఫుట్‌బాల్ క్లబ్ ఇంకెవరికీ ఇవ్వకుండా దాచుకోవాలా, తర్వాతివారికి అందించాలా? 1987, 1990లలో ఇటలీ లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టిన మారడోనా గౌరవార్థం నేపుల్స్ నగర క్లబ్ నాపోలి 2000లో పదో నంబరు జెర్సీని పక్కన పెట్టింది. ఆ కృతజ్ఞత ఎంత నిజమైనదైనా, ఆ ప్రాంతంలోనే పుట్టి జట్టుకు కెప్టెన్ అయిన ఇన్సిన్యే సైతం 24తోనే ఆడవలసి వచ్చింది. అది నన్ను బాధిస్తుంది.

ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో ఏడో నంబరు మాత్రం జార్జ్ బెస్ట్, రాబ్సన్, కాంటొనా, బెక్‌హామ్‌ల మీదుగా రొనాల్డోకు చేరింది. ఆ జెర్సీ బరువు తక్కువదేమీ కాదు: 2012–13లో దాన్ని తొడుక్కున్న వాలెన్సియా ఒక్క సీజన్‌కే తన పాత 25కు తిరిగి వెళ్లాడు. అయినా బెస్ట్‌తోనే ఆ అంకెను ఆపేసి ఉంటే, రొనాల్డో వీపు మీద ఏడు కనిపించేదే కాదు. అందుకే నా మొగ్గు అందించడం వైపే.