పాత జపాన్ గిటార్ల వెంట: ఒచానోమిజు, మత్సుమోతో, హమమత్సు

పాత జపాన్ హాలో బాడీ గిటార్లు, అంటే లోపల బోలుగా ఉండేవి, చూడటానికి టోక్యో వెళ్లేవారు షింజుకులో మాత్రం గది తీసుకోవద్దు. రాత్రిపూట అక్కడి దీపాల వెలుగు బాగుంటుంది, కాదనను. కానీ ఆఫీసులు వదిలే వేళ ఆ స్టేషన్‌లో పెద్ద గిటార్ పెట్టె పట్టుకుని నడవడం మనకూ శిక్షే, ఎదురొచ్చేవారికీ శిక్షే. ఒచానోమిజు, జింబోచో చుట్టుపక్కల చిన్న బిజినెస్ హోటళ్లు ఉన్నాయి. నేను దిగిన గదిలో మంచానికీ గోడకూ మధ్య పక్కకు తిరిగి నడవాలి. పెట్టె తెరవాలంటే మంచం మీదే తెరవాలి. అయినా ఒక గిటార్ చూసి వచ్చి, రాత్రంతా ఆలోచించుకుని, పొద్దున మళ్లీ నడిచి వెళ్లి చూసే వీలు ఆ గది వల్లే కలిగింది. పాత సరుకు కొనేవారికి అంతకు మించిన సౌకర్యం ఏముంటుంది?

ఒచానోమిజు స్టేషన్ నుంచి మెయిజీ విశ్వవిద్యాలయం మీదుగా కిందికి వాలే రోడ్డు పొడవునా గిటార్ దుకాణాలే. ఉదయం పదకొండుకు ముందు వెళ్లి ప్రయోజనం లేదు. కింది అంతస్తులో మెరిసే కొత్తవి చూసి మురిసిపోకుండా ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్లాలి, పాతవి ఎక్కువగా అక్కడే ఉంటాయి. గోడకు తగిలించిన గిటార్‌ను మనంతట మనం ముట్టుకోకూడదు. అడిగితే సిబ్బందే దించి, శ్రుతి చేసి, శబ్దం పెంచే యాంప్‌కు కలిపి చేతికిస్తారు. కొనకుండా తిరిగి ఇచ్చినా మొహం మాడ్చుకోరు. ఇంగ్లీషు అంతంతమాత్రమే, ఫోనులోని అనువాద యాప్‌తో పని నడిచిపోతుంది.

నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది జపాన్ కంపెనీ ఐబానెజ్ వారి జీబీ10. జాజ్ గిటారిస్టు జార్జ్ బెన్సన్ కోసం 1970ల చివర రూపొందించిన మోడల్ ఇది. లోపల బోలుగా ఉండే గిటార్‌తో పెద్ద చిక్కు ఒకటుంది. యాంప్ శబ్దం పెంచితే పైచెక్క దానికి స్పందించి ఊగుతుంది, ఆ ఊపు, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ ద్వారా మళ్లీ యాంప్‌లోకి వెళ్లి ఊళ పుడుతుంది. అందుకే దీని ఒళ్లు చిన్నది చేశారు. పికప్‌లను పైచెక్కకు తగలకుండా గాలిలో నిలిపారు. యాంప్ ఆపేసి వాయించినా గది నిండా వినపడింది. నేను చూసినదాని తల వెనక నంబరు ‘హెచ్78’తో మొదలైంది. ఆనాటి ఐబానెజ్ లెక్కలో ‘ఏ’ జనవరి, ‘ఎల్’ డిసెంబరు. అంటే 1978 ఆగస్టు. ఫోను టార్చి వెలుగును ఎఫ్ ఆకారపు కంతల్లోంచి లోపలికి వేసి చూస్తే జిగురు కారిన చారలు, రంగు మారిన లేబులు కనిపించాయి. పగుళ్లుంటే అక్కడే బయటపడతాయి. పక్కనే ఉన్న ఐబానెజ్ ఏఎస్200 చూడటానికి దీని అన్నలా ఉన్నా కథ వేరు. దాని నడుమ గట్టి చెక్క దిమ్మ ఉంటుంది కాబట్టి శబ్దం పెంచినా అంత తేలిగ్గా ఊళ పెట్టదు. నాకు మాత్రం జీబీ10 గొంతే నచ్చింది.

ధర చీటీల మీద ‘లాసూట్’ (దావా) అన్న మాట కనిపిస్తే పొంగిపోవద్దు. అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ 1977లో ఐబానెజ్ అమెరికా విభాగంపై దావా వేసింది. గొడవ గిటార్ తల ఆకారం గురించి, అదీ కోర్టు బయట రాజీతో ముగిసింది. ఇప్పుడు డెబ్బైల్లో జపాన్‌లో చేసిన ప్రతి గిబ్సన్ నకలుకూ అదే బిరుదు తగిలిస్తున్నారు. ఆ బిరుదుకు నేనైతే ఒక్క యెన్ కూడా ఎక్కువ ఇవ్వను.

షింజుకు నుంచి అజుసా ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటల ప్రయాణం మత్సుమోతో. అన్నీ రిజర్వు సీట్లే. బోగీ చివరి వరుస దొరికితే వెనక పెట్టె పడుతుంది. ఈ లోయలో చెక్క పనికి పాత పేరుంది. 1960లో మొదలైన ఫుజిజెన్ కంపెనీ ఐబానెజ్‌కూ గ్రెకోకూ గిటార్లు చేసింది ఇక్కడే. సింగర్ కుట్టు మిషన్లకు చెక్క పెట్టెలు చేసిన ‘మత్సుమోకు’ కంపెనీ ఆరియా ప్రో 2 గిటార్లనూ, డెబ్బైల్లో ఎపిఫోన్లనూ చేసి 1987లో మూతపడింది. కొనుగోళ్ల కోసమే అయితే ఇంత దూరం రావద్దు, టోక్యోలో దొరికే రకాల్లో పదో వంతు కూడా ఇక్కడ నాకు కనబడలేదు. కానీ ఊరు హాయిగా ఉంది. నల్లటి కోట, వెనక ఆల్ప్స్ కొండలు, అదే డబ్బుకు టోక్యో గదికి రెట్టింపు గది. శాకాహారులకు ఒక హెచ్చరిక: సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో ఎండుచేప ఉంటుంది.

హమమత్సు వాద్యాల కంపెనీ యమహా ఊరు. స్టేషన్ దగ్గరి వాద్యాల మ్యూజియం 1995 నుంచి ఉంది. అక్కడ పెద్దపీట ప్రపంచ సంప్రదాయ వాద్యాలకే. యమహా కార్యాలయంలోని ఇన్నోవేషన్ రోడ్ ప్రదర్శన చూడాలంటే ముందే సమయం బుక్ చేసుకోవాలి. సంగీతమంటే ఇష్టమైతే ఒక పూట ఇవ్వవచ్చు. హాలో బాడీ కోసమే అయితే దాటేసినా నష్టం లేదు.

కొన్నాక అసలు పరీక్ష రవాణాలో ఉంది. ఈ గిటార్లలో చాలావాటికి తీగలను మోసే బ్రిడ్జి పైచెక్కకు అతికి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలుస్తుంది. విమానం కోసం తీగలు వదులు చేస్తే జారిపోతుంది. ఒచానోమిజు దుకాణంలో అబ్బాయి అడగకుండానే బ్రిడ్జి కాళ్ల చుట్టూ సన్నటి కాగితం టేపు అంటించి గుర్తు పెట్టాడు. తర్వాత కింద మెత్తటి గుడ్డ పరిచి తీగలు వదిలాడు. తలకూ పెట్టెకూ మధ్య ఖాళీలో కాగితం ఉండలు కుక్కాడు. విమాన కౌంటరులో మాత్రం అంత శ్రద్ధ దొరకలేదు. ‘పెళుసు’ చీటీ కోసం రెండుసార్లు అడగవలసి వచ్చింది. మరో మాట: ఫ్రెట్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే, 1992 నుంచి దానిపై అంతర్జాతీయ ఆంక్షలున్నాయి కాబట్టి, పత్రాలు లేకుండా దేశం దాటించవద్దు. ఏ చెక్కో బిల్లు మీదే రాయించుకోండి, సుంకం అధికారులు అడిగినా అదే చూపించవచ్చు.